పదకొండు ఒకట్లు

ఒకటితో మొదలై ఎక్కడా నిలువని సంఖ్యాపరంపరకు అక్షరరూపం ప్రసాదించిన వాగ్దేవతకు ముందుగా అంజలి. ఆ పరంపరలో ఒక మెట్టు చూపి, తక్కిన మెట్లు నన్నే ఎక్కుమన్న మా గురువుగారికి పిదప అంజలి. స్వస్తిశ్రీ చాంద్రమాన ఖర నామ సంవత్సరం, దక్షిణాయనం, శరదృతువు, ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి, బుధవారం. ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె సాగుతున్న దినాలు. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సులు లేవు. కోచింగ్ సెంటర్ల ఇనుప షట్టర్లు దించి ఉన్నాయి. మా సందులో సాధారణంగా వినబడని పిచ్చుకల సవ్వడి ఆ ఉదయం నాకు స్పష్టంగా వినబడింది. ఆ నిశ్శబ్దంలో మా బాల్కనీలో నిలబడి నేను గురువుగారి పద్యాన్ని గొంతెత్తి చదువుకొన్నాను. అక్కడినుంచే ఈ కథ మొదలైంది.

ఆ పద్యం నాలుగు పాదాల తేటగీతి. పాఠశాలలో పూర్వాహ్ణం వ్యాకరణం చెప్పి, అపరాహ్ణం కునుకు రాకుండా మాకు లెక్కలు చెప్పిన మహనీయుడు మా గురువుగారు. పదకొండు ఒకట్లను వరుసగా వ్రాస్తే ఏర్పడే సంఖ్యను ఆయన ఏకాదశ రుద్రులతో పోల్చారు. చేయి చేయి పట్టుకొని నిలిచిన రుద్రులు వీరు అన్నది మొదటి మూడు పాదాల తాత్పర్యం. వీరిని విడదీయగల భాజకం సంఖ్యాలోకంలో పుట్టలేదు అన్నది నాలుగవ పాదం. అరవై ఏండ్లుగా ఆ పద్యం నా నాలుక మీద ఉన్నది. నేను పాఠం చెప్పిన ప్రతి తరగతిలోనూ దాన్ని చెప్పాను.

ఆ సంవత్సరం మేము, అంటే గురువుగారి శిష్యులలో మిగిలినవాళ్ళం, ఎల్బీనగర్‌లోని ఒక కాలనీ పఠనమందిరానికి ఆయన పేరు పెట్టుకొన్నాం. ద్వారం ప్రక్కన నల్లరాతి ఫలకం నిలిపి, దాని మీద ఈ పద్యం చెక్కించాలని సంకల్పం. విజయదశమి నాడు ప్రతిష్ఠ. అందుకు సప్తమి మధ్యాహ్నానికల్లా రాయి చెక్కేవానికి పాఠం అందాలి. ఆ భారం నాది.

ఎదుటి భవనంలో, మా బాల్కనీకి సరిగ్గా ఎదురుగా, గోదావరి జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ లెక్కల మాస్టారు ఉండేవారు. కోచింగ్ సెంటరు మూతపడి ఆయనకు ఊపిరాడని తీరిక. పద్యం పూర్తి కాగానే ఆయన కాఫీ గ్లాసుతో బయటికి వచ్చారు.

"ఏవండీ పంతులుగారూ, పద్యం పాలమీగడలా ఉందండీ. కానీ ఆ నాలుగో పాదం నిజమేనంటారా?"

"గురువాక్యం."

"గురువాక్యం సరేనండీ, కాదన్నానా? ఏడు ఒకట్లున్నాయనుకోండి, వాటిని రెండు వందల ముప్ఫై తొమ్మిది విరిచేస్తుంది. అది నాకు కంఠతా. పదకొండు సంగతే గుర్తుకు రావట్లేదు. ఎవరన్నా పరీక్షించారా?"

రాతి మీద చెక్కిన మాట తరతరాలు నిలుస్తుంది. పఠనమందిరానికి వచ్చే పిల్లలెవరో ఒకనాడు పెన్సిలుతో కూర్చొని ఆ సంఖ్యను విరిచి, పైన ఉన్న పేరు చూసి నవ్వితే? మాట నిజమైతే గురువుగారికి అంతకంటే నివాళి లేదు. అబద్ధమైతే ఆయన పేరు మీద ఒక అబద్ధాన్ని శాశ్వతం చేసిన శిష్యుణ్ణి నేనే అవుతాను.

"సెల్‌ఫోనులో కొట్టనా? రెండు నిముషాల్లో తేలిపోద్ది" అన్నారు మాస్టారు.

"వద్దు మాస్టారూ. మా గురువుగారి మాటను యంత్రం చేత విచారింపజేయలేను. పరీక్షంటూ జరిగితే నా చేతితోనే జరగాలి."

ఆయన కండ్లు మెరిశాయి. "అయితే నేనూ కొట్టనండి. మాల వేసుకున్నట్టే అనుకోండి. ఫలితం తేలేదాకా కంప్యూటరు ముట్టను, క్యాలిక్యులేటరు ముట్టను."

ఆ సాయంకాలమే మా సహాధ్యాయి ఫోన్ చేశాడు. అల్మాస్‌గూడ వాసి, పాఠశాలలో నా ప్రక్క పీట మీద కూర్చొన్నవాడు, ఆ రోజుల్లో ఎల్బీనగర్ సమ్మె శిబిరంలో పొద్దు గూకేదాకా ఉండేవాడు. రాయి చెక్కేవానితో మాట్లాడేది అతడే.

"ఏందే పండితా, పద్యం పంపలేదు? రాయి కొట్టెటోడు నన్ను సతాయిస్తుండు."

పరీక్ష సంగతి చెప్పాను.

"మన పంతులు మాటకు పరీక్ష పెడ్తున్నవా నువ్వు? గింత ఒయసొచ్చినంక?"

"రాతి మీద చెక్కేముందు సరిచూస్తున్నాను. తప్పేముంది?"

"ఎవరు నేర్పిన్రు నీకు గీ బుద్ధి?"

మాస్టారి పేరెత్తక తప్పలేదు. అతడు పగలబడి నవ్వాడు. "అబ్బా! ఆంధ్ర సారేమో ఇడగొడ్తా అంటుండు. తెలంగాణోనివి నువ్వేమో కలిసే ఉండాలె అంటున్నవు. లోకం తలకిందులైందిరా నాయనా! సరే, సప్తమి నాడు పగటీలి దాకా ఆగుత. గా టైమ్‌కు నీ లెక్క తేలకపోతే పద్యం ఎట్లున్నదో అట్లనే కొట్టిస్త."

విదియ నాడు ఉదయం మాస్టారు నాకు ఒక ఆయుధం ఇచ్చారు. పదకొండు ఒకట్లను భాగించగల ప్రధాన సంఖ్య ఏదైనా సరే, దాన్ని ఇరవై రెండుతో భాగిస్తే ఒకటే మిగలాలి. కారణాన్ని ఆయన గోడ మీద వేలితో గీతలు గీస్తూ వివరించారు. అర్థం కాగానే నేను చిన్నపిల్లవానిలా చప్పట్లు కొట్టాను. కొన్ని వేల భాజకాలకు బదులు, ఇరవై రెండు అంగలు వేస్తూ పోయి, ఆ అంగలలో తగిలిన ప్రధాన సంఖ్యలను మాత్రమే పరీక్షిస్తే చాలు! ఇరవై మూడు, అరవై ఏడు, ఎనభై తొమ్మిది, నూట తొంభై తొమ్మిది. ఎక్కడ ఆగాలి? లక్షా అయిదు వేల పైచిలుకు దాకా ఏదీ తెగకపోతే ఇక ఎన్నటికీ తెగదు. గురువుగారు గెలిచినట్లే.

పని పంచుకొన్నాం. అంగలు వేసి, ఎక్కాలతో జల్లెడపట్టి ప్రధాన సంఖ్యలను ఏరడం నా వంతు. వాటితో పదకొండు ఒకట్లను భాగించడం ఆయన వంతు. నేను బాల్కనీలోంచి సంఖ్యను కేకవేసేవాణ్ణి. కొంతసేపటికి ఎదుటినుంచి "శేషం ఉందండీ!" అని జవాబు వచ్చేది. ఆ మాట విన్న ప్రతిసారీ నా గుండె ఒక అంగుళం పైకి లేచేది. ఇంకొక శత్రువు పడ్డాడు, రుద్రులు చెక్కు చెదరలేదు! వేయి దాటాం, అయిదు వేలు దాటాం. భోజనం వేళకు పిలిచినా పలకని భర్తను చూసి మాస్టారి భార్య మా ఇంటివైపు తిరిగి, "పంతులుగారూ, మీ రుద్రులకు కాస్త పప్పన్నం పెట్టి పంపించండి, మావారి ఆకలి కూడా వాళ్ళే తీర్చేట్టున్నారు" అన్నారు.

పది వేలు దాటేసరికి చిక్కు వచ్చింది. కూడలిలోని మైకుల పాటలు మా సందులోకి పొంగి వచ్చాయి. అయిదంకెల సంఖ్యను కేకవేస్తే మధ్యలో రెండంకెలు పాటలో కొట్టుకుపోతున్నాయి. అప్పుడు నాకు కటపయాది తోచింది. ఒక్కొక్క హల్లుకు ఒక్కొక్క అంకెను కేటాయించి సంఖ్యను మాటగా మార్చే మన ప్రాచీనుల పద్ధతి అది. అచ్చులకు విలువ లేదు. సంయుక్తాక్షరంలో చివరి హల్లుకే విలువ. అర్థమున్న మాటను ఎంత రొదలోనైనా పోల్చుకోవచ్చు. ఏ హల్లుకు ఏ అంకెయో ఒక కాగితం మీద వ్రాసి మాస్టారికి ఇచ్చాను. ఆయన ఒక్క పూటలో నేర్చుకొన్నారు.

ఇక ఆ రెండు మూడు రోజుల ఆనందం ఏమని చెప్పను! జల్లెడలో ఒక ప్రధాన సంఖ్య మిగలగానే దానికి తగిన మాట కోసం వెదుకులాట. పదివేల తొంభై తొమ్మిదికి "ధీధనజ్ఞేయ" అన్న మాట దొరికింది. బుద్ధియే ధనంగా గలవారు తెలుసుకోదగినది అని అర్థం. ఆ మాటను ఎలుగెత్తి చెబితే క్రింద కూరల బండి దగ్గర నిలబడ్డ ఒక తల్లి చేతులు జోడించింది. "ఏ అమ్మవారి స్తోత్రమండీ ఇది, ఎక్కడా వినలేదు?" అని అడిగింది. గణితమాత స్తోత్రమని చెప్పాను. శేషం, శేషం, శేషం. నా హృదయంలో అప్పటికే రాతి మీద ఉలి పడుతున్నది.

షష్ఠి, ఆదివారం. పది వేలన్నీ, అంటే ఒకటితో మొదలయ్యే అయిదంకెల సంఖ్యలన్నీ, ముగించి ఇరవై వేలలో అడుగుపెట్టాం. అందులో మొదటిది ఇరవై వేల ఇరవై ఒకటి. దానికి "పరజ్ఞానశ్రీ" అన్న సమాసం తనంతట తాను అమరింది. పరమజ్ఞానమనే సంపద! ఉప్పొంగిపోతూ కేక వేశాను. ఎదుటి బాల్కనీలో మాస్టారు కాగితం వైపు చూశారు. మళ్ళీ చూశారు.

"పంతులుగారూ! మీ పరజ్ఞానం సరి సంఖ్య అయి కూర్చుందేంటండీ?"

"సరి సంఖ్య ఎట్లా అవుతుంది? చివర ఒకటి ఉన్నది కదా?"

"ఒకటి మొదట ఉందండి! పన్నెండు వేల రెండు. ప ఒకటి, ర రెండు, జ్ఞా సున్నా, న సున్నా, శ్రీ రెండు. పన్నెండు వేల రెండు కాదూ?"

లోపం ఎక్కడో అప్పుడు తెలిసింది. కటపయాదిలో మొదటి అక్షరం ఒకట్ల స్థానం, రెండవది పదుల స్థానం. సంఖ్య వెనుకనుంచి ముందుకు నడుస్తుంది. బాల్యంనుంచి మాకు అది శ్వాసతో సమానం. అన్నం కుడిచేతితో తినాలని అతిథికి ఎవరు చెబుతారు? అట్లాగే ఆ మాట కాగితం మీద వ్రాయాలని నాకు తోచనే లేదు. ఇంగ్లీషు బడిలో చదివిన ఆయన మాటను ఎడమనుంచి కుడికి, సంఖ్యను చదివినట్లే చదివారు.

"మరి పది వేలన్నీ?" అన్నాను.

"తిరగేసి భాగించానండి. అన్నీనూ. మీ ధీధనజ్ఞేయ నాకు తొంభై తొమ్మిది వేల ఒకటి! అది ఏడుతో తెగుతుంది, ప్రధాన సంఖ్యే కాదు, నేను చూడనే లేదు!"

"అయినా ఇరవై రెండుతో సరిచూసుకొనేవారు కదా మీరు?"

ఆయన కుర్చీలో కూలబడి, గబగబా ఏదో గీసి, ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. ఆ ముఖంలో విచారం లేదు, విభ్రమం ఉన్నది. "అబ్బ! ఏం మోసమండీ ఇది! పదకొండుతో భాగించి శేషం చూడాలంటే ఏం చేస్తాం? ఒకటి విడిచి ఒకటిగా అంకెలు కూడి, రెండు మొత్తాలకీ తేడా తీస్తాం. అయిదంకెల సంఖ్యను తిరగేసినా ఆ తేడా మారదు! పది వేలల్లో ప్రతి సంఖ్యా ఒకటితో మొదలవుతుంది, తిరగేస్తే ఒకటితో ముగుస్తుంది, అంటే బేసి సంఖ్యే. ఇరవై రెండు పరీక్ష ప్రతిదీ నెగ్గింది! అన్నీ ఒకటితోనే ముగుస్తుంటే పంతులుగారు ముందు ఆ రకం ఏరుతున్నారనుకున్నాను. వరుస తప్పితే మాట అందంగా కుదిరిన సంఖ్యకు ముందు పీట వేస్తున్నారనుకున్నాను. ఇరవై వేలల్లోకి రాబట్టి రెండు చివరికి వెళ్ళి దొరికిపోయాం!"

తప్పు దొరికినందుకు ఇంత సంతోషించిన మనిషిని నేను మరొకణ్ణి చూడలేదు. అంతలోనే ఇద్దరికీ వాస్తవం తట్టింది. పది వేలన్నీ మళ్ళీ భాగించాలి. గడువు మరునాటి మధ్యాహ్నం. విరగదని నిరూపించాలంటే లక్షా అయిదు వేల దాకా ఒక్కటీ విడవకూడదు. అది ఇక అసాధ్యం. విరుగుతుందని చూపడానికి మాత్రం ఒకే ఒక్క భాజకం చాలు. ఇక నాకున్న దారి ఒకటే. మరునాటిలోగా గురువుగారి మాటను కూలగొట్టగలిగితే ఆ పాదాన్ని ఆపగలను. లేకపోతే అది నిజమో కాదో తెలియకుండానే రాతికెక్కుతుంది.

"పది వేలు నేను మళ్ళీ చేస్తానండి. ఇరవై వేలు మీరే భాగించండి" అన్నారు మాస్టారు.

"మాట కట్టమంటారా?"

"మీకోసం మీరు కట్టుకోండి. నాకు మాత్రం అంకెలు చెప్పండి బాబూ!"

సప్తమి, మూలా నక్షత్రం, సరస్వతీ పూజ. పూజాపీఠం ముందే పలక పెట్టుకొని కూర్చొన్నాను. ఇరవై వేలు సాగిపోయాయి. ఇరవై ఒక్క వేలు. ఆరు వందల దగ్గర ఒక సంఖ్య జల్లెడలో మిగిలింది. ఇరవై ఒక్క వేల ఆరు వందల నలభై తొమ్మిది. అలవాటు కొద్దీ ముందు మాట కట్టాను. తొమ్మిదికి ధ, నాలుగుకు భ, ఆరుకు త, ఒకటికి య, రెండుకు ర. "ధీర్భాతి యత్ర." ఎచట బుద్ధి ప్రకాశిస్తున్నదో! ధీర్భాతి ఒక ఇంద్రగణం, యత్ర ఒక సూర్యగణం. ఇంత చక్కని మాట ఇంతవరకు దొరకలేదని మురుస్తూ భాగహారం మొదలుపెట్టాను.

ఆరు ఒకట్లలో అయిదు మారులు. తరువాత ఒకటి, మూడు, రెండు, మూడు. పందొమ్మిది వేల నాలుగు వందల ఎనభై నాలుగు మిగిలింది. చివరి ఒకటిని దించాను. లక్షా తొంభై నాలుగు వేల ఎనిమిది వందల నలభై ఒకటి. తొమ్మిదితో గుణించి చూశాను. నా చేతిలోని బలపం ఆగిపోయింది. రెండు వరుసలూ ఒకటే. శేషం లేదు.

"మాస్టారూ! తెగింది!" అని నేను వేసిన కేకకు మైకులు కూడా ఓడిపోయాయి. ఆయన చెప్పులు లేకుండానే మెట్లు దిగి, సందు దాటి, మా మెట్లెక్కి వచ్చి పలక లాక్కొన్నారు. ఒకసారి సరిచూశారు. నన్ను కౌగిలించుకొని, "ధీర్భాతి యత్ర! ధీర్భాతి యత్ర!" అంటూ గది చుట్టూ తిప్పారు. భాగఫలం అయిదు లక్షల పదమూడు వేల రెండు వందల ముప్ఫై తొమ్మిది. దానికీ అప్పటికప్పుడే మాట కుదిరింది: "ధీగురులోకమే."

బస్సులు లేవు గనుక ఆయన స్కూటరు మీద ఎల్బీనగర్ బయలుదేరాం. కొత్తపేట దగ్గర రోడ్డు మీదే పొయ్యిలు వెలిగించి వంటావార్పు జరుగుతున్నది. స్కూటరు ఆపి ఒక యువకుడు విస్తరి చేతిలో పెట్టాడు.

"ఎటు పోతున్నరు పెద్దాయనా, గింత ఖుషీగ?"

"పదకొండు మందిని విడదీశాం నాయనా!"

"అరె, పండుగ పూట మనుషుల్ని ఇడదీసుడేందే?"

"మనుషులు కాదు, రుద్రులు" అన్నాను. అతడు మాస్టారి వైపు చూసి, "సారూ, ఈ తాతను జర పైలంగ తీస్కపోండ్రి" అన్నాడు. మాస్టారు నోటినిండా పులిహోరతో తలూపారు.

రాతి పనివాని చావడిలో నల్లఫలకం నిలువుగా ఆనించి ఉన్నది. మా సహాధ్యాయి దాని ప్రక్కనే ముక్కాలిపీట మీద కూర్చొని ఉన్నాడు. సంగతి చెప్పగానే అతని ముఖం మాడిపోయింది.

"పంతులు తప్పు చెప్పిండంటవా?"

"నేననడం లేదు. అంకెలు అంటున్నాయి."

"సారు సంకల గూసోని నువ్వు గూడ గిట్ల తయారైనవు. ఇటు తే, నేను జూస్త."

గుణకారంలో మా పాఠశాలకంతటికీ అతడే దిట్ట. సుద్దముక్క తీసుకొని ఆ నల్లరాతి మీదనే రెండు సంఖ్యలూ ఒకదాని క్రింద ఒకటి వ్రాశాడు. అయిదు వరుసల గుణకారం. క్రింద గీత గీసి, కుడినుంచి కూడడం మొదలుపెట్టాడు. ఒకటి. మళ్ళీ ఒకటి. మూడవది ఒకటి. రాయి చెక్కేవాడు కూడా ఉలి క్రింద పెట్టి మా ప్రక్కకు వచ్చి నిలబడ్డాడు. నాలుగు, అయిదు, ఆరు. ఒక్కొక్క ఒకటి పడుతుంటే నాకు మాత్రం గురువుగారి వ్రేళ్ళే ఆ సుద్ద పట్టుకొన్నట్లు కనిపించింది. పదకొండవ ఒకటి వ్రాసి అతడు చేయి దించాడు.

"అబ్బ," అన్నాడు. మళ్ళీ, "అబ్బబ్బ! ఎంత ముచ్చటగ ఒచ్చిందే!"

"సార్, జర జల్ది చెప్పుండ్రి. ఏం కొట్టాలె?" అన్నాడు రాయి చెక్కేవాడు.

సహాధ్యాయి నా వైపు తిరిగాడు. కండ్లు తడిగా ఉన్నాయి, పెదవుల మీద నవ్వు ఉన్నది. "పంతులు ఉంటే ఇప్పుడు మనిద్దర్ని పీట మీద గూసోబెట్టి ఇంకోసారి చెయ్యమంటుండె. నాలుగో పాదం కొట్టియ్యొద్దు. ఆయన పేరు కింద తప్పుంటే నాకు నిద్ర పట్టది."

"మూడు పాదాలతో తేటగీతి కుంటిదవుతుంది" అన్నాను.

"కుంటిదైతే కానీ. అబద్ధం కంటే నయమే కదనే! గా జాగల గీ లెక్క కొట్టియ్యి."

మాస్టారు అంతవరకు ఒక మూల నిలబడి ఉన్నారు. అతడే వెళ్ళి ఆయన భుజం మీద చేయి వేసి, "ఏం సారూ, పట్టుబట్టి ఇడగొట్టిన్రు గద! చాయ్ తాగుదాం రాండ్రి" అన్నాడు. ఆయన, "విడిపోయినా గుణిస్తే మళ్ళీ అంతే వస్తుందిగా అండీ!" అన్నారు. ముగ్గురం పోయి చాయ్ త్రాగాం.

ఖర నామ సంవత్సర ఆశ్వయుజ శుద్ధ దశమి, గురువారం, 2011 అక్టోబరు 6న పఠనమందిర ద్వారం ప్రక్కన ఫలకాన్ని నిలిపాం. దాని మీద గురువుగారి పద్యంలోని మొదటి మూడు పాదాలు, నాలుగవ పాదం స్థానంలో 21649, 513239 అనే రెండు సంఖ్యలు చెక్కి ఉన్నాయి.